లెక్కకు రాని వదిన

సోమవారం

అమ్మాయీ మౌక్తికా, ఏ రోజు ఏం జరిగిందో రాసి పంపమన్నావు. రాస్తున్నాను. రాయకపోతే మీ హెల్ప్‌లైన్ వాళ్ళు మనిషిని పంపరట కదా. నువ్వేమో భూమ్మీద ఫ్యాను కింద కూర్చుని "మేడమ్, డబ్బా ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యండి" అంటావు. నేనేమో చంద్రుడి మీద, కొత్త కోరంగి సొరంగంలో, స్టూలెక్కి డబ్బా ఆపి వేస్తూ ఉంటాను. పొద్దుట్నించీ ఇదే పని. నేను పనిచేసే క్యాంటీన్‌కని రుబ్బిన దోసెల పిండి పొంగి పొర్లిపోయింది.

నువ్విక్కడికి ఎప్పుడూ రాలేదు కాబట్టి ఇల్లెలా ఉంటుందో ముందు చెప్తాను. రాతిలో తొలిచిన ఇల్లు, మంచాలు కూడా గోడకి బిగించినవే. మూడు గదులు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ముందుగదిలో ఎవరూ పడుకోకూడదు, వీధి తలుపు పగిలితే ముందు గాలి పోయేది అక్కడే. మధ్యగదిలో మా ఆయన భాస్కరం, నేను. వెనకగదిలో మా వదిన రామతులసి. ఆవిడ మా ఆయనకి అక్క, ఆయన్ని చంకనేసుకుని పెంచిన మనిషి. నన్నూ అలాగే చంకనేసుకుందామని చూస్తుంది, నేనే దొరకను.

వైఫై డబ్బా మొన్నమొన్నటిదాకా మధ్యగదిలో ఉండేది. అందరికీ బ్రహ్మాండంగా అందేది. కిందటి వారం మీ కంపెనీ వాళ్ళొచ్చి కొత్త డబ్బా తెచ్చి, వీధి గుమ్మం మీద లోపలివైపు బిగించి వెళ్ళారు. రాతిగోడలోంచి సిగ్నల్ పోదట. గుమ్మం వెంట గుమ్మం దాటుకుంటూ వెనకగదికి వెళ్ళాలట. వరసలో మొదటి కొత్త డబ్బా మాదే కదా, చుట్టుపక్కల వాళ్ళంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు.

ఇక అసలు బాధ. ఇక్కడ గాలి తలసరి లెక్కన ఇస్తారు. ప్రతి మనిషి చేతికీ ఓ కడియం ఉంటుంది. పడుకునే గంట కొట్టాక డబ్బా ప్రతి మంచాన్నీ పలకరిస్తుంది, ఆ మంచం తాలూకు కడియం "ఉన్నాను" అని పలకాలి. వరసగా ఏడు రాత్రులు పలకని మనిషి ఇల్లు విడిచి వెళ్ళినట్టే లెక్క. ఆ మనిషిని సొరంగం దాటి ఎక్కడో దూరాన ఉన్న ఒంటరి వసతికి పంపేసి, మంచం వేరేవాళ్ళకిచ్చేస్తారు. పోయినవాళ్ళ పేరు మీద గాలి తీసుకున్న ఘనులు కొందరున్నారు లే, అందుకే ఈ రూలు.

ఈ పొద్దున ముందుగది తెర మీద ఏం రాసుందో తెలుసా? "నిన్న రాత్రి ఈ ఇంట పడుకున్నవారు: ఇద్దరు."

ముగ్గురం తిన్నాం. ముగ్గురం అరుచుకున్నాం. పడుకున్నది మాత్రం ఇద్దరట! వెనకగదిలో వదిన గురక మధ్యగదిలో నాకు వినపడుతుంది గానీ ఆ డబ్బాకి వినపడలేదు.

ఇంట్లో కొత్తగా ఏం మారిందని అడిగావు. ఏమీ మారలేదు. నిన్న అమావాస్య, వదిన గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టింది. అది ప్రతి అమావాస్యకీ కట్టేదే.

మంగళవారం

మళ్ళీ ఇద్దరే.

నువ్వు చెప్పినట్టే పక్కిళ్ళ డబ్బాలు ఏ ఛానల్‌లో ఉన్నాయో కనుక్కున్నాను. ఏం చెప్పమంటావు, వరస వరసంతా తొమ్మిదో ఛానలే! ఎవడో సంఖ్యాశాస్త్రం ఆయన తొమ్మిదైతే కలిసొస్తుందని చెప్పాడట. అందరూ ఒకే ఛానల్‌లో పడి అరుస్తుంటే ఎవరి మాట ఎవరికి వినపడుతుంది? చేపల బజారు నయం.

ఇంటింటికీ తిరిగి మార్చుకోమని బతిమాలాను. ఎదురింటి మాణిక్యాంబగారు "మా అమ్మాయికి సంబంధం కుదిరేదాకా తొమ్మిది కదిపేది లేదు తాయారూ" అని తలుపేసేసింది. సరే, ఎవరితో గొడవెందుకని మాదే నాలుగుకి మార్చాను.

"నాలుగా? నాలుగంటే రాహువే!" అంది వదిన.

"రాహువైతేనేం వదినా, ఒంటరిగా ఉంటాడు. ఎవరూ అడ్డుపడరు."

"నీ నోటికి నేను చాలనే తల్లీ" అని వెళ్ళి గుమ్మడికాయకి పసుపు రాసి బొట్టు పెట్టి వచ్చింది. ఆవిడ లెక్కలో ఇదంతా దిష్టి. కొత్త డబ్బాని పదిమందీ చూశారు, కళ్ళు పడ్డాయి, అంతే.

ఆవిడ కూరల తోటలో పనిచేస్తుంది. ఆ కాయలు ఆవిడ పెంచినవే. ఇక్కడ బరువు ఆరో వంతే కదా, కాయకి తన బరువు తనకి తెలీదు, ఊరికే పెరుగుతూనే ఉంటుంది. భూమ్మీద ఇద్దరు మోసేంత కాయని వదిన ఒంటిచేత్తో పట్టుకొచ్చి సన్న తాడుకి వేలాడదీస్తుంది. బయట నడవలో ఏదీ వేలాడకూడదని రూలు. అందుకని కాయ గుమ్మానికి లోపలివైపే ఉంటుంది.

బుధవారం

ఇద్దరు. మూడు రాత్రులు పోయాయి.

ఇవాళ నువ్వు చెప్పిన "నెట్‌వర్క్‌ని మర్చిపో" అనేది చేశాం. వదిన కడియం మీద ఆ బొత్తాం నొక్కబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఇంటిని మర్చిపొమ్మని నొక్కుతావేంటే, అపశకునం!" అని కేకలు. మళ్ళీ కలుపుతాం కదా అని నచ్చచెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. కలపాలంటే పాస్‌వర్డ్ కావాలి. పెట్టింది మా ఆయన, మర్చిపోయింది కూడా ఆయనే. చివరికి ఆయన చిన్నప్పుడు పెంచిన కుక్క పేరని వదినకే గుర్తొచ్చింది.

ముందుగదిలో కడియం టక్కున కలిసింది. మధ్యగదిలో నీరసంగా ఉంది. వెనకగది గుమ్మం దాటగానే చచ్చిపోయింది.

మా ఆయన దుమ్ము జల్లెడలు బాగుచేస్తాడు కాబట్టి లోకంలో అన్నీ తనే బాగుచేయగలననుకుంటాడు. "మంచాలు మార్చుకుందాం. అక్క మధ్యగదిలో పడుకుంటుంది, నేను వెనకగదిలో" అన్నాడు. వద్దంటే విన్నాడా? గంట కొట్టి కొట్టగానే డబ్బా "గుర్తుతెలియని మనిషి! గుర్తుతెలియని మనిషి!" అని సొరంగం మారుమోగేలా అరిచింది. ఎవరి మంచానికి వాళ్ళ కడియమే పలకాలి మరి, ఆయన మంచం మీద పలికింది వదిన కడియం. జనం పరుగెత్తుకొచ్చేసరికి గుర్తుతెలియని మనిషిలా లుంగీ సర్దుకుంటూ గుమ్మంలో నిలబడ్డది మాత్రం మా ఆయన. నవ్వాగక నేను మంచం మీద దొర్లాను.

గురువారం

నవ్వులు అయిపోయాయి. ఇవాళ రాసేది కొంచెమే.

వదినని వెంటబెట్టుకుని వసతి ఆఫీసుకి వెళ్ళాను. కుర్చీలో ఉన్నాయన తెర చూసి "ఈ పేరు మీ ఇంట్లో లేదండీ" అన్నాడు.

"ఇదుగో, మీ ఎదురుగానే నిలబడి ఉంది కదండీ!"

"ఇక్కడున్నారండీ, కాదనను. ఇంట్లో లేరు."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. నాకు ఒళ్ళు మండిపోయి గట్టిగానే నాలుగు మాటలన్నాను. ఆఫీసులో ఉన్నవాళ్ళంతా లేచి వదిన వైపు చూశారు. ఆవిడ కొంగు నిండుగా కప్పుకుని తల దించుకుంది. నేను కాపరానికొచ్చినప్పట్నించీ ఆవిడ తల దించుకోవడం చూడలేదు. తను వండిన వంకాయ కూరలో ఉప్పెక్కువైనా తప్పు నాదేనని కసిరే మనిషి.

ఇంటికొచ్చాక అడక్కుండానే చెప్పడం మొదలెట్టింది. ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టిందో, ఏ పాదుకి నీళ్ళెప్పుడు పోయాలో, మా ఆయనకి దగ్గొస్తే ఏ పొడి ఇవ్వాలో. "నాకెందుకు చెప్తున్నావు వదినా?" అంటే "ఊరికే. తెలిసుంటే మంచిదే కదా" అంది.

మౌక్తికా, నాకు భయం వేస్తోంది. నీ ఫారంలో అది రాసే గడి లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ఒంటరి వసతికి బండిలో రెండు రోజుల దారి. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టరు, కసరరు. ఈవిడ అక్కడ నెల రోజులు బతకదు.

శుక్రవారం

ఎట్టకేలకు మీ మనిషి వచ్చాడు. పేరు ఇస్మాయిల్. నెమ్మదస్తుడు, చెప్పులు బయటే విప్పి వచ్చాడు.

పొద్దున్నే గుమ్మడికాయ మెత్తబడిందని వదిన విప్పేసి ఎరువు గుంతలో పడేసింది. కుళ్ళు వాసనొస్తే గాలి కొలిచే యంత్రం గోల పెడుతుంది. గుమ్మం బోసిగా ఉందని వదిన గొణుగుతుండగానే ఇస్మాయిల్ లోపలికొచ్చాడు. చేతిలో చిన్న మీటరు పట్టుకుని మూడు గదులూ తిరిగాడు. వదిన మంచం మీద పెట్టాడు, మంచం కింద పెట్టాడు, తలగడ కింద కూడా పెట్టాడు.

"ఏ ఇబ్బందీ లేదమ్మా. ఫస్ట్‌క్లాస్‌గా వస్తోంది."

"ఐదు రాత్రుల్నించి చచ్చి ఊరుకుంది నాయనా!"

"మీరే చూడండి" అని మీటరు నా మొహం దగ్గర పెట్టాడు. నిజమే, ముల్లు ఆ చివరికంటా వెళ్ళి నిలబడింది. అతనికి అందుకే రోగం దొరకలేదు. కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో వెనక్కి తిరిగి మెచ్చుకున్నాడు. "ఈ వరసలో ఇంత బాగా అందే ఇల్లు ఇంకోటి లేదమ్మా. అదృష్టవంతులు."

అంతే! అతను మలుపు తిరిగాడో లేదో వదిన గుండె మీద చెయ్యేసుకుంది. "విన్నావా తాయారూ, ఎంత మాటన్నాడో! కాయ లేని పూట చూసి మరీ అన్నాడు. అమావాస్య దాకా ఆగితే కొంప మునుగుతుంది" అంటూ తోటకి పరుగెత్తింది. ఏడాదిగా విత్తనానికని ఉంచిన కాయని కోసుకొచ్చింది. మా క్యాంటీన్ పిండి గంగాళం అంతుంది అది. సాయంత్రానికల్లా గుమ్మానికి కట్టేసి, పసుపు రాసి, హమ్మయ్య అంది.

నేనూ హమ్మయ్యే అనుకున్నాను. మీటరు ముల్లు కళ్ళారా చూశాను కదా. ఈ రాత్రి ముగ్గురమని రాసి తీరుతుంది.

శనివారం

ఇద్దరు.

దాని కింద ఇంకో వాక్యం కూడా ఉంది. ఈ రాత్రి కూడా పలకకపోతే రేపు పొద్దున బండి వస్తుందట, సామాను ఒక పెట్టెకి మించకూడదట. వదిన చదివి, కాఫీ గ్లాసు కడిగి బోర్లించి, వెనకగదిలోకి వెళ్ళి పెట్టె దించింది. చీరలు మడతపెడుతున్న చప్పుడు వింటూ నేను ముందుగదిలోనే నిలబడిపోయాను. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది. ఆ కోపంలో స్టూలు లాక్కొచ్చి డబ్బాని మళ్ళీ ఆపి వేద్దామని ఎక్కాను. మా ఆయన కడియం తెర చూసుకుంటూ వెనకగదిలో నిలబడ్డాడు, సిగ్నల్ వస్తే కేక వెయ్యమన్నాను.

ఎక్కే విసురుకి నా తల ఠపీమని గుమ్మడికాయకి కొట్టుకుంది. కాయ ఊగడం మొదలెట్టింది. ఇక్కడ ఏది ఊగినా నింపాదిగా ఊగుతుంది, ఉయ్యాల్లో పిల్లాడు నిద్రపోయాక ఊగినట్టు. నేను తల రుద్దుకుంటున్నాను. డబ్బా మీద ఇంకా చెయ్యి కూడా వెయ్యలేదు.

"వచ్చింది!" అని మా ఆయన కేక.

"నేనింకా ఏమీ చెయ్యలేదండీ!"

"పోయింది!"

కాయ అటు వెళ్ళింది.

"వచ్చింది!"

ఇటు వచ్చింది.

"పోయింది! ఏం చేస్తున్నావే అక్కడ?"

రెండు చేతుల్తో కాయని పక్కకి లాగి పట్టుకున్నాను. "వచ్చింది... ఉంది... ఇంకా ఉంది... తాయారూ, ఉందే!" వదిలేశాను. "పోయింది" అన్నాడు నీరసంగా. నా తల్లే, నా బంగారు తల్లే, ఆరు రోజులుగా నీ పొట్టలోనా ఉంది మా వదిన!

మా ఆయన వచ్చి చూసి నుదురు కొట్టుకున్నాడు. గుమ్మడికాయంటే ఏముంది, నీళ్ళు. ఈ సిగ్నల్‌కి నీళ్ళు పడవు, అందులో పడ్డది ఇక బయటికి రాదు. పాత డబ్బా మధ్యగదిలో ఉండేది కాబట్టి గుమ్మానికి ఏం కట్టినా ఫర్వాలేకపోయింది. కొత్తది సరిగ్గా కాయ వెనక నక్కి కూర్చుంది. సిగ్నల్ పోయిన కొద్దీ మేము కాయకి పసుపు రాశాం, అది చాలదని ఇంకా పెద్దది కట్టాం. నిన్న ఇస్మాయిల్ వచ్చింది కాయ లేని పూట.

కత్తి తెచ్చి తాడు కోద్దామనేసరికి వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అంతా విందట.

"కాయ మీద చెయ్యి వెయ్యకండి."

"వదినా, ఇది తీస్తే నువ్వుంటావు!"

"నేనుండడానికి గుమ్మం బోసిగా పెడతారా? వాడు రోజూ బయటికెళ్ళి ఆ దుమ్ములో జల్లెడలు దులుపుతాడు. నువ్వు గిర్రున తిరిగే పిండి మరలో చెయ్యి పెడతావు. ఇన్నాళ్ళూ ఇద్దరూ చల్లగా ఉన్నారంటే ఊరికే ఉన్నారా? కాయ తీసేశాక వాడికేదైనా అయితే, ఈ ఇంట్లో నేను ముద్ద మింగగలనా? పోతే నేనే పోతాను. కాయ ఉండనీ."

కత్తి నా చేతిలోనే ఉండిపోయింది. ఈవిడతో వాదించి గెలిచినవాళ్ళు లేరు, నేనూ ఎప్పుడూ గెలవలేదు. సిగ్నలనీ నీళ్ళనీ చెప్తే దులిపేసుకుంటుంది. ఆవిడ మాటతోనే ఆవిడకి చెప్పాలి.

"అవును గానీ వదినా, నీకెప్పుడైనా ఎవరైనా దిష్టి తీశారా?"

"నాకా?" అని నవ్వేసింది. "నాకెందుకే? ఎర్రగా బుర్రగా ఉన్నానా ఏమన్నా? నన్నెవరు చూశారని దిష్టి తగలడానికి?"

"ఎవరు చూశారా? వారం రోజులుగా సొరంగమంతా నీ మాటే. నిన్న తోటలో, ఇవాళ మా క్యాంటీన్లో. మొన్న ఆఫీసులో లేచి నిలబడి మరీ అందరూ నిన్నే చూశారు. ఇంటికి కాదు దిష్టి తగిలింది. నీకు తగిలింది, అందుకే నువ్వొక్కదానివే లెక్కలోంచి పోయావు. మేమిద్దరం ఎందుకు పోలేదంటావు?"

వదిన వేళ్ళు మడుస్తూ ఏదో లెక్క చూసుకుని, గుమ్మం నుంచి ఒకడుగు పక్కకి జరిగింది.

"కూర్చో" అన్నాను. 

"చిన్నదానివి, నువ్వు నాకు దిష్టి తీయడమేంటే?" అంటూనే స్టూలు మీద కూర్చుంది.

తాడు కోసి కాయ దించాను. కాయకి చిల్లు పెట్టి కుంకం పోశాను. ఇక్కడ కర్పూరం వెలిగించనివ్వరు, దానికి బదులు దండం పెట్టుకున్నాం. ఆ గంగాళమంత కాయని ఎత్తి ఆవిడ చుట్టూ మూడుసార్లు తిప్పాను. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఆఫీసు దిష్టి, మాణిక్యాంబ దిష్టి, నా దిష్టి, నా పాడు నోటి దిష్టి అన్నీ పోవాలి అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. కళ్ళ కొసల్లోంచి నీళ్ళు జారాయి. ఇన్నేళ్ళలో ఊళ్ళో అందరి పిల్లలకీ దిష్టి తీసిన మనిషిని ఒక్కసారైనా ఎవరూ కూర్చోబెట్టలేదు.

దిష్టి తీసిన కాయని మళ్ళీ కట్టకూడదు, పగలగొట్టాలి. ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు. నడవలోకి తెచ్చి విసిరితే కాయ తాపీగా దిగి, బంతిలా ఎగిరి, మాణిక్యాంబగారి గుమ్మంలోకి దొర్లింది. రెండోసారి మా ఆయనా నేనూ కలిసి ఎత్తి బలమంతా పెట్టి కొట్టాం. ముక్కలూ గింజలూ గాల్లోకి లేచి, తొందరేమీ లేనట్టు ఒక్కొక్కటే కిందకి దిగాయి. నడవ పాడుచేసినందుకు జరిమానా వేస్తామని గోడలోంచి గొంతు వినపడింది. వేసుకోమన్నాను.

వెనక్కి తిరిగి చూడకుండా, గ్లాసుడు నీళ్ళు ముగ్గురం పంచుకుని కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చాం. అమావాస్య వచ్చేలోగా ఆ డబ్బాని పాత చోటికి మార్పించకపోతే మీ కంపెనీ వాళ్ళకి నా నోరు ఎలాంటిదో తెలుస్తుంది. అప్పుడు వదిన గుమ్మానికి ఎంత కాయైనా కట్టుకోవచ్చు. ఇది కంప్లయింటు కింద రాసుకో.

గంట కొట్టింది. పడుకోబోతున్నాం.

ఆదివారం

"నిన్న రాత్రి ఈ ఇంట పడుకున్నవారు: ముగ్గురు."

నేను పైకి చదివాను. వదిన కళ్ళద్దాలు లేవని ఇంకోసారి చదవమంది. కళ్ళద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. చదివాను.

నీ ఫారం చివర "సమస్యకు కారణం" అని ఉంది. గుమ్మడికాయలో నీళ్ళని రాయమంటాడు మా ఆయన. దిష్టని రాయమంటుంది వదిన. ఇద్దరూ ఇంకా వాదించుకుంటున్నారు, ఆ గడి ఖాళీగా వదిలేస్తున్నాను. నీకేది నచ్చితే అది నింపుకో.

ఇంతలో బండివాడొచ్చి తలుపు కొట్టాడు. పాపం అతనికి ఆఫీసు కబురు ఇంకా అందలేదు. "ఒంటరి వసతికి ఎవరమ్మా వచ్చేది?" అనడిగాడు. నేను నోరు తెరిచేలోపే వదిన నన్ను పక్కకి తోసి గుమ్మంలో నిలబడింది.

"ఎవరూ లేరు నాయనా. మా ఇంట్లో ముగ్గురం" అంది.

తలుపేసి నా వైపు తిరిగి, కబుర్లు చెప్తూ కాఫీ చల్లార్చేశానని తిట్టింది.